ఆ తెల్లని చెట్టు బొమ్మ ఒక్కటే ఎమ్మార్సీపీ కాదు

సంపాదకులకు,

కాలేయం నుంచి పైత్యరసాన్ని పేగుకు చేర్చే పిత్తనాళాలను, క్లోమ (ప్యాంక్రియాస్) నాళాన్ని ఎమ్మారై యంత్రంతో బొమ్మ తీసే పరీక్ష ఎమ్మార్సీపీ. దాని గురించి ఈమధ్య ఆరోగ్య పేజీల్లో తరచు రాస్తున్నారు. నాళంలోకి గొట్టం దూర్చే పని లేదు, మత్తు అక్కర్లేదు, ఎక్స్‌రే కిరణాలు ఉండవు, పిత్తనాళాల్లో ఏముందో ఇట్టే తెలిసిపోతుంది అన్నట్టు ఆ రాతలు సాగుతాయి. మొదటి మూడు మాటలూ నిజమే, చిక్కంతా నాలుగోదానితోనే. స్కాన్ కవరు తెరవగానే నల్లటి నేపథ్యంలో కొమ్మలు చాచిన తెల్లని చెట్టులాంటి బొమ్మ కనిపిస్తుంది. దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి ‘నాళం శుభ్రంగా ఉంది’ అని రోగులే కాదు, తీరిక లేని వైద్యులు కూడా తేల్చేస్తుంటారు. చిన్న రాళ్లు తప్పించుకునేది సరిగ్గా అక్కడే. ఆ బొమ్మ ఎలా తయారవుతుందో, ఎక్కడ మోసం చేస్తుందో పాఠకులకు వివరంగా చెప్పాల్సిన అవసరం ఉందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు అసలు కిటుకు. ఎమ్మారై యంత్రం రేడియో తరంగంతో శరీరంలోని హైడ్రోజన్ కేంద్రకాలను కదిలిస్తుంది. ఆ తర్వాత ఒక్కో కణజాలం నుంచి వచ్చే సంకేతం ఒక్కో వేగంతో సన్నగిల్లుతుంది. ఈ వేగానికి కొలమానం టీ2 కాలం. కాలేయానికి ఇది సుమారు 40 మిల్లీసెకన్లు. నిలకడగా ఉండే పైత్యరసానికి కొన్ని వందల మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకన్నా చాలా ఎక్కువ. అందుకని యంత్రం సంకేతాన్ని వెంటనే అందుకోకుండా 600 నుంచి 1000 మిల్లీసెకన్ల దాకా ఆగుతుంది. అప్పటికి కాలేయం, కండరం దాదాపు మూగబోతాయి. కొవ్వు సంకేతాన్ని విడిగా అణచివేస్తారు. వేగంగా పారే రక్తం కూడా నల్లగానే ఉంటుంది. చివరికి వెలుగుతూ మిగిలేది కదలని ద్రవమే. మామూలు ఎమ్మార్సీపీకి ఇంజక్షన్ అక్కర్లేకపోవడానికి కారణం ఇదే: రోగి సొంత పైత్యరసమే ఇక్కడ రంగుమందు.

దీని వెనకే ఒక పరిమితి కూడా ఉంది. రాయిని మనం నేరుగా చూడటం లేదు. తెల్లని ద్రవం మధ్య అది ఆక్రమించిన నల్లటి ఖాళీని చూస్తున్నాం. గాలిబుడగ, రక్తపు గడ్డ, కణితి మొలక, చివరికి పైత్యరసపు ప్రవాహం కూడా అలాంటి ఖాళీనే చూపగలవు. ఆ ఖాళీ ఏమిటో తేల్చడమే చదివేవారి పని.

నోటి ద్వారా ఎండోస్కోపు పంపి, నాళంలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసే ఈఆర్సీపీ 1968లో మొదలైంది. ఎమ్మార్సీపీ గురించిన తొలి వైద్య పత్రం 1991లో వచ్చింది. మొదట్లో మసకగా ఉండే బొమ్మలు, ఒక్క ప్రేరణతో బొమ్మ మొత్తం తీసే వేగవంతమైన పద్ధతులు రావడంతో మెరుగుపడ్డాయి. ఇప్పుడు ఒకే పరీక్షలో రెండు రకాల బొమ్మలు తీస్తారు. మొదటి రకం మందపాటి పలక. సుమారు 4 సెంటీమీటర్ల మందమున్న శరీర భాగాన్ని రెండు మూడు సెకన్లలో ఒకే బొమ్మగా తీస్తారు, కోణం మార్చి మళ్లీ తీస్తారు. నాళాల అల్లిక మొత్తం ఒక్క చూపులో తెలియడానికి ఇది బాగుంటుంది. రెండోది త్రీడీ. సుమారు ఒక మిల్లీమీటరు మందమున్న సన్నని ముక్కలు డజన్ల కొద్దీ, రోగి ఊపిరికి తగ్గట్టు ఆగి ఆగి తీస్తారు. ఊపిరి ఒకే తీరుగా ఉంటే నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది, లేకపోతే పది నిమిషాలైనా పట్టవచ్చు. కొత్త యంత్రాల్లో తక్కువ సమాచారం సేకరించి మిగతాది గణితంతో పూరించే పద్ధతి వల్ల ఇదే పని 20 సెకన్ల లోపు ఒక్క ఊపిరి బిగింపులో కూడా సాధ్యమవుతోంది.

కవరులోని అందమైన చెట్టు ఈ సన్నని ముక్కల నుంచి కంప్యూటర్ పేర్చినది. చూసే దిశలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉన్న బిందువుల్లో అన్నిటికన్నా ఎక్కువ వెలుగున్న దాన్నే అది తీసుకుంటుంది, మిగతావన్నీ పారేస్తుంది. ఇప్పుడు 8 మిల్లీమీటర్ల వెడల్పున్న నాళంలో 3 మిల్లీమీటర్ల రాయి ఉందనుకోండి. రాయికి ముందో వెనకో తెల్లని పైత్యరసం ఉండనే ఉంటుంది. కంప్యూటర్ ఆ తెల్లదనాన్నే ఎంచుకుంటుంది, రాయి మాయమైపోతుంది. ఇది యంత్రం లోపం కాదు, దానికి చెప్పిన లెక్కే అది. అదే రాయి సన్నని ముక్కల్లో రెండు మూడు వరస బొమ్మల్లో నల్లని చుక్కగా స్పష్టంగా కనిపిస్తుంది. చెట్టు బొమ్మ ఇంకో తప్పు కూడా చేస్తుంది. నాళం సన్నబడిన చోట వెలుగు తక్కువ కాబట్టి, సన్నబడింది కాస్తా పూర్తిగా తెగిపోయినట్టు, ఉన్నదానికన్నా పొడుగ్గా మూసుకుపోయినట్టు చూపిస్తుంది. అంటే రాయిని దాచేదీ అదే, ఇరుకును పెంచి చూపేదీ అదే.

పరీక్ష బాగా రావడం, రాకపోవడం సగం వరకు యంత్రం ఆన్ చేయకముందే తేలిపోతుంది. కనీసం 4 గంటలు, వీలైతే 6 గంటలు పరగడుపున ఉండమనేది ఊరికే కాదు. కడుపులో, చిన్నపేగు మొదట్లో ద్రవం ఉంటే అది కూడా పైత్యరసంలాగే తెల్లగా వెలిగి నాళం చివరి భాగాన్ని కప్పేస్తుంది. తిన్న వెంటనే పిత్తాశయం ముడుచుకుంటుంది, పేగుల కదలిక పెరుగుతుంది. ‘తిండి మానేశాను, మంచినీళ్లే తాగాను’ అని వచ్చేవారికి అసలు చిక్కు ఆ నీళ్లతోనే. మాత్ర మింగడానికి గుక్కెడు చాలు. మధుమేహానికి మందులు వాడేవారు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవారు, ఆ పూట మోతాదు గురించి ముందే వైద్యుణ్ని అడగాలి.

పరగడుపున ఉన్నా కడుపులో కొంత ద్రవం మిగులుతుంది. దాన్ని నల్లబరచడానికి కొన్నిచోట్ల స్కాన్‌కు కొద్ది నిమిషాల ముందు అనాసరసం తాగిస్తారు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, అందులోని మాంగనీస్ ఆ ద్రవపు టీ2 కాలాన్ని తగ్గించేస్తుంది. అయితే మాంగనీస్ పాళ్లు రసం రసానికీ మారతాయి కాబట్టి అన్నిసార్లూ ఒకే ఫలితం రాదు. ఇదే పనికి ఇనుప ఆక్సైడ్ కలిసిన ద్రవాలు కూడా ఉన్నాయి. తాగమని చెబితే తాగాలి. చెప్పకపోతే సొంత తెలివితో ఇంటి దగ్గరే తాగి రాకూడదు.

లోహాల సంగతి క్లుప్తంగా. పేస్‌మేకర్, చెవిలో అమర్చిన కాక్లియర్ ఇంప్లాంట్, మెదడు రక్తనాళానికి పెట్టిన పాత క్లిప్పు, కంట్లో ఎప్పుడో దిగిన ఇనుప రజను, ఇవేవైనా ఉంటే ముందే చెప్పి తీరాలి. వీటిలో కొన్ని రకాలను షరతులతో అనుమతిస్తారు. ఏ రకమో తెలియడానికి ఆపరేషన్ అప్పుడిచ్చిన కార్డు తేవాలి. పిత్తాశయం తీసినప్పుడు వేసే క్లిప్పులు సాధారణంగా టైటానియంవి, పరీక్షకు అడ్డు కావు. కాకపోతే వాటి చుట్టూ చిన్న నల్లమచ్చ పడి పక్కనున్న నాళాన్ని కప్పుతుంది. చర్మానికి అతికించే మందు పట్టీల్లో కొన్నింటి వెనక పలుచని లోహపు పొర ఉంటుంది, అది వేడెక్కి చర్మం కాలుతుంది. లోపల పడుకున్నాక రెండు చేతులు పెనవేసుకోకూడదు, కాళ్లు ఒకదానిపై ఒకటి వేసుకోకూడదు. ఒంట్లో విద్యుత్తు తిరిగే వలయం ఏర్పడి, చర్మం చర్మానికి తగిలినచోట బొబ్బలెక్కవచ్చు. ఈ చివరి మాట చాలామంది రోగులకు ఎవరూ చెప్పరు.

అన్నిటికన్నా ఎక్కువ బొమ్మలను పాడుచేసేది ఊపిరి. కాలేయం డయాఫ్రం (ఊపిరితిత్తుల కింది కండర పొర)తోపాటు ఒక్కో ఊపిరికి ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికీ పైకీ జరుగుతుంది. మనం చూడదలచిన నాళమేమో కొద్ది మిల్లీమీటర్ల వెడల్పుది. ఊపిరి బిగించాల్సిన బొమ్మలకు గాలి పూర్తిగా పీల్చి కాకుండా, మామూలుగా వదిలేసి ఆగితే కాలేయం ప్రతిసారీ ఒకే చోటుకు వస్తుంది. పీల్చి ఆగినప్పుడు ఒక్కోసారి ఒక్కో లోతు. త్రీడీ తీసేటప్పుడు ఊపిరి కదలికను పసిగట్టే పట్టీని ఎక్కువగా కదిలే చోట కట్టాలి. కొందరికి ఛాతీ కదులుతుంది, కొందరికి పొట్ట. చూడకుండా అందరికీ ఒకేచోట బిగిస్తే యంత్రానికి ఊపిరి అందదు. పట్టీకి బదులు డయాఫ్రం అంచునే యంత్రంతో కనిపెట్టి చూసే పద్ధతి కూడా ఉంది. అందులో గురి గీత కాలేయం పైకప్పు మీద పడాలి, గుండెకు దగ్గరగా పడితే గుండె కదలికతో లెక్క తప్పుతుంది. రోగి మధ్యలో నిద్రపోతే ఊపిరి తీరు మారి స్కాన్ సాగుతూ పోతుంది. కదలిక పడిన బొమ్మలో నాళం అంచులు రెండు గీతలుగా, కొమ్మలు తెగినట్టుగా కనిపిస్తాయి. దాన్ని చూసి ‘నాళాలు అక్కడక్కడా సన్నబడ్డాయి’ అని రాస్తే రోగికి లేని జబ్బు అంటగట్టినట్టే. టెక్నాలజిస్టు రోగి బల్ల దిగకముందే త్రీడీ ముక్కలు తిప్పి చూసి, చెడితే అప్పుడే మళ్లీ తీయాలి. మరో రోజు పిలిపించడం కన్నా అది అన్నివిధాలా మేలు.

గాడోలినియం అనే రంగుమందు ఇంజక్షన్ కూడా ఇవ్వాల్సివస్తే వరసక్రమం ముఖ్యం. గాడాక్సెటిక్ ఆమ్లం అనే రకంలో దాదాపు సగం కాలేయకణాల ద్వారా పైత్యరసంలోకి చేరుతుంది. సుమారు 20 నిమిషాలకు నాళాలు టీ1 అనే మరో రకం ఎమ్మారై బొమ్మల్లో తెల్లగా నిండుతాయి. ఆపరేషన్ తర్వాత పైత్యరసం ఎక్కడి నుంచి కారుతోందో పట్టుకోవడానికి ఇది చక్కని దారి, ఎందుకంటే మామూలు ఎమ్మార్సీపీలో కారిన పైత్యరసానికీ, పక్కన చేరిన వేరే నీటికీ తేడా తెలియదు. కానీ ఆ మందు పైత్యరసంలో చేరాక టీ2 బొమ్మల్లో నాళం నల్లబడిపోతుంది. అందుకే టీ2 ఎమ్మార్సీపీ ముందు, మందు నాళాల్లో నిండాక తీసే కాలేయ దశ బొమ్మలు చివర. తిరగేస్తే ఎమ్మార్సీపీ బొమ్మ పాడవుతుంది. కామెర్లు బాగా ముదిరి రక్తంలో బిలిరుబిన్ (కామెర్ల పసుపు రంగు పదార్థం) ఎక్కువగా ఉన్నవారిలో కాలేయకణాలు ఈ మందును సరిగా తీసుకోలేవు, నాళం నిండదు. అది చూసి నాళం మూసుకుపోయిందని అనుకోరాదు.

ఇక చదివేటప్పుడు జరిగే పొరపాట్లు. రోగి వెల్లకిలా పడుకుంటాడు కాబట్టి రాయి బరువుకు నాళంలో వెనక గోడ వైపు దిగుతుంది. గాలిబుడగ ముందు గోడ వైపు తేలుతుంది, అడ్డంగా కోసిన బొమ్మలో పైన నల్లగా, కింద తెల్లగా సమతలపు గీత కనిపిస్తుంది. అంతకుముందు ఈఆర్సీపీలో నాళం మూతిని కోసినవారిలో గాలి ఉండటం మామూలే. ఇక ప్రవాహం వల్ల పడే నల్లచుక్క నాళానికి నట్టనడుమ ఉంటుంది, వేరే కోణంలో తీసిన బొమ్మలో కనిపించదు. కాబట్టి నల్లచుక్క కనిపించగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎంత పెద్దది’ అని కాదు, ‘ఏ గోడ వైపు ఉంది, రెండో దిశలో కూడా ఉందా’ అని. నిలువుగా కోసిన బొమ్మలు మాత్రమే చూసేవారికి ఈ తేడా అందదు, అడ్డంగా కోసినవి తప్పనిసరి.

నాళం పేగులోకి తెరుచుకునే చోట చిన్న కండర వలయం ఉంటుంది. అది ముడుచుకున్న క్షణంలో బొమ్మ తీస్తే నాళం కింది కొస గిన్నె బోర్లించినట్టు గుండ్రంగా తెగి, అచ్చం రాయి అడ్డుపడినట్టే ఉంటుంది. అరనిమిషం ఆగి మళ్లీ తీస్తే వలయం విప్పుకుని నాళం చివరిదాకా నిండుతుంది. మందపాటి పలక బొమ్మను ఒకే కోణంలో నాలుగైదు సార్లు తీయడం ఇందుకే. ‘ఒకటి వచ్చిందిగా’ అని మిగతావి ఎగ్గొడితే మొదటికే మోసం.

పైన, కాలేయం ముఖద్వారం దగ్గర, కుడి కాలేయ ధమని నాళాన్ని దాటుకుంటూ పోతుంది. అది నొక్కిన చోట నాళంలో చిన్న నల్లగీత పడుతుంది. నిజంగా ఇరుకైతే దానిపై భాగంలో నాళాలు ఉబ్బి ఉండాలి. ఉబ్బలేదంటే ఆ గీత ధమనిదేనని ముందు అనుమానించాలి, అడ్డుకోత బొమ్మలో ధమని అక్కడుందో లేదో చూసి నిర్ధారించాలి. పిత్తాశయ నాళం కొందరిలో ప్రధాన నాళానికి ఆనుకుని చాలాదూరం కిందికి నడుస్తుంది. చెట్టు బొమ్మలో రెండూ ఒకటై ‘నాళం ఉబ్బింది’ అనిపిస్తుంది. ప్రధాన నాళం మామూలుగా 6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, వయసుతో కొంత పెరుగుతుంది, పిత్తాశయం తీసినవారిలో 10 వరకు ఉండవచ్చు. ఒక్క సంఖ్యను పట్టుకుని కంగారుపడక్కర్లేదు.

ఈఆర్సీపీలో రంగుమందును ఒత్తిడితో ఎక్కిస్తారు కాబట్టి సన్నని కొమ్మలు కూడా సాగి కనిపిస్తాయి. ఎమ్మార్సీపీలో నాళాలు తమ సహజ ఒత్తిడిలోనే ఉంటాయి. అందుకని కాలేయం లోపలి చివరి కొమ్మల్లో అప్పుడప్పుడే మొదలవుతున్న వాపు, ఇరుకు దీనికి చిక్కకపోవచ్చు. క్లోమ నాళం విషయంలో ఈ లోటు తీర్చడానికి సెక్రెటిన్ అనే హార్మోన్‌ను నెమ్మదిగా నరంలోకి ఇచ్చి, ఆ తర్వాత పది నిమిషాలపాటు వరసగా బొమ్మలు తీసే పద్ధతి ఉంది. నాళం కాస్త ఉబ్బి స్పష్టంగా కనిపిస్తుంది.

‘3 టెస్లా యంత్రంలోనే చేయించండి’ అనే సలహా ఒకటి బాగా తిరుగుతోంది. టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలమానం. సంకేతం బలంగా ఉండే మాట నిజమే. కానీ పొట్టలో బాగా నీరు చేరిన రోగిలో 3 టెస్లాలో రేడియో తరంగం సమంగా చొచ్చుకుపోక బొమ్మ నడిమధ్య పెద్ద నల్లనీడ పడుతుంది. అలాంటివారికి 1.5 టెస్లాయే నయం. క్లిప్పులు, నాళాన్ని తెరిచి ఉంచడానికి వేసే లోహపు గొట్టాల (స్టెంట్ల) వల్ల పడే నల్లమచ్చలు కూడా 3 టెస్లాలోనే పెద్దవి.

ఎవరికి చేయించాలి అన్నదానిపై కూడా గందరగోళం ఉంది. ఎమ్మార్సీపీ రాయిని చూపగలదే గాని తీయలేదు, స్టెంటు వేయలేదు, ముక్క కోసి పరీక్షకు పంపలేదు. ఈఆర్సీపీ ఇవన్నీ చేస్తుంది. కానీ ఆ పరీక్ష తర్వాత సుమారు 3 నుంచి 10 శాతం మందికి క్లోమం వాస్తుంది, కొందరిలో అది తీవ్రమవుతుంది. కాబట్టి కేవలం చూడటానికి ఈఆర్సీపీ చేసే రోజులు పోయాయి. అమెరికా జీర్ణకోశ ఎండోస్కోపీ సంఘం 2019 మార్గదర్శకాల ప్రకారం అల్ట్రాసౌండ్‌లోనే నాళంలో రాయి కనిపించినా, నాళానికి చీముపట్టి జ్వరం, కామెర్లు వచ్చినా, బిలిరుబిన్ డెసీలీటరుకు 4 మిల్లీగ్రాములు దాటి నాళం కూడా ఉబ్బి ఉన్నా నేరుగా ఈఆర్సీపీకి వెళ్లవచ్చు. కాలేయ పరీక్షల్లో తేడా ఉండటం, వయసు 55 దాటడం, నాళం ఉబ్బి ఉండటం లాంటి మధ్యస్థ అనుమానంలోనే ఎమ్మార్సీపీ గానీ, ఎండోస్కోపు కొసన ఉన్న అల్ట్రాసౌండ్‌తో లోపలి నుంచి చూసే ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్ గానీ అక్కరకొస్తాయి. చీముపట్టి రోగి కుంగిపోతున్నప్పుడు ఎమ్మార్సీపీ కోసం వరసలో కూర్చోబెట్టడం ప్రమాదం.

ఎన్నో అధ్యయనాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2015 సమీక్ష ప్రకారం నాళంలోని రాళ్లను పట్టుకోవడంలో ఎమ్మార్సీపీ సున్నితత్వం (రాయి ఉన్నవారిలో ఉందని చెప్పగలగడం) 93 శాతం, నిర్దిష్టత (లేనివారిలో లేదని చెప్పగలగడం) 96 శాతం. ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్‌కు అవి 95, 97 శాతం. చూడటానికి దాదాపు సమానమే. కానీ 5 మిల్లీమీటర్ల లోపు రాళ్ల దగ్గర ఎమ్మార్సీపీ వెనకబడుతుంది. క్లోమవాపు తెచ్చేవి తరచు ఆ చిన్నరాళ్లే. కాబట్టి ఎమ్మార్సీపీ బాగానే ఉన్నా లక్షణాలు, రక్త పరీక్షలు రాయినే సూచిస్తుంటే ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్ గురించి అడగడం తప్పు కాదు. దీనికి తిరకాసు ఇంకోటి ఉంది: రాళ్లు తమంతట తాము పేగులోకి జారిపోతాయి. సోమవారం కనిపించిన రాయి శుక్రవారం ఉండకపోవచ్చు. స్కాన్‌కూ చికిత్సకూ మధ్య రోజులు పెరిగేకొద్దీ ఆ రిపోర్టు పాతబడిపోతుంది.

కణితి అనుమానం ఉన్నచోట మాత్రం ఒక నియమాన్ని గట్టిగా పట్టుకోవాలి. కాలేయ ముఖద్వారం దగ్గర నాళానికి కణితి ఉందనుకుంటే, స్టెంటు వేయకముందే ఎమ్మార్సీపీ, ఎమ్మారై పూర్తిచేయాలి. స్టెంటు పడగానే ఉబ్బిన నాళాలు కుదించుకుపోతాయి, గోడలు వాచి కణితిలాగే కనిపిస్తాయి, గాలి కూడా చేరుతుంది. కణితి కుడి కొమ్మదాకా పాకిందా, ఎడమ కొమ్మదాకా పాకిందా అన్నది తేలకుండా పోతుంది. శస్త్రచికిత్సకు వీలుందా లేదా అనే నిర్ణయం ఆధారపడేది దానిమీదే. కామెర్లు ఎక్కువగా ఉన్నాయని తొందరపడి ముందు స్టెంటు వేయించి, తర్వాత స్కాన్‌కు పంపడం చాలా తరచుగా జరిగే, తేలిగ్గా తప్పించగల పొరపాటు. ఇలాంటి కేసుల్లో చెట్టు బొమ్మ ఒక్కటే తీసి పంపడం కూడా సరిపోదు. గోడ మందం, చుట్టూ ఉన్న రక్తనాళాలు చూడటానికి పూర్తి ఎమ్మారై కావాలి.

రిపోర్టులో ఏం ఉండాలో కూడా రోగి తెలుసుకోవచ్చు. నాళం వెడల్పు ఎక్కడ ఎంతో మిల్లీమీటర్లలో, రాళ్లుంటే ఎన్ని, ఎంత, ఏ మట్టంలో, ఇరుకుంటే దాని పొడవు, పైభాగం ఉబ్బిందా లేదా, పుట్టుకతో వచ్చిన తేడాలు ఏమైనా ఉన్నాయా. కుడివైపు వెనక కొమ్మ వెళ్లి ఎడమ నాళంలో కలవడం అలాంటి తేడాల్లో ఒకటి. పిత్తాశయం తీసే సర్జనుకూ, కాలేయం దానం చేసేవారికి ఆపరేషన్ చేసే బృందానికీ అది ముందే తెలియాలి. వీటన్నిటితోపాటు బొమ్మల నాణ్యత ఎలా ఉందో ఒక్క వాక్యం తప్పక ఉండాలి. ‘ఊపిరి కదలిక వల్ల నాళం కింది మూడోవంతు స్పష్టంగా లేదు’ అని నిజాయితీగా రాసిన రిపోర్టు, ‘రాళ్లు లేవు’ అని తూతూమంత్రంగా రాసిన దానికన్నా వైద్యుడికి వందరెట్లు పనికొస్తుంది.

ఫిల్ము మీద అచ్చయ్యేవి సాధారణంగా చెట్టు బొమ్మలూ, ఎంపిక చేసిన కొన్ని కోతలూ మాత్రమే. రెండో అభిప్రాయానికి వెళ్లేవారు సీడీ అడిగి తీసుకోవాలి. అందులో త్రీడీ సన్నని ముక్కలు ఉన్నాయో లేదో అక్కడే కంప్యూటర్‌లో పెట్టించి చూసుకోవాలి. స్థలం కోసం కొన్ని కేంద్రాలు కంప్యూటర్ పేర్చిన బొమ్మలనే దాచి మూల ముక్కలను కొన్నాళ్లకు చెరిపేస్తాయి. కాబట్టి ఆ సీడీ స్కాన్ అయిన రోజే అడగాలి.

ఇట్లు,
ఒక రేడియాలజిస్టు, ఒక ఎమ్మారై టెక్నాలజిస్టు